కప్పబండి మోత

షెడ్డు నుంచి,
మధ్యాహ్నం టీ వేళ

మామయ్యగారికి,

మీరు క్షేమంగా చేరారని వదిన ఫోన్ చేసి చెప్పింది. మీరేమో ఫోను తీసుకుని "బాగున్నా, బాగున్నా, ఉంటా మరి" అని రెండు ముక్కలు అనేసి, మళ్లీ ఆవిడ చేతిలో పెట్టేశారు. కోడలితో మాట్లాడటానికి అంత బరువైపోయిందా? అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టేయలేరుగా.

చెవి డాక్టరు ఏమన్నాడు? వారం రోజుల్లో వచ్చేస్తానని చిన్న సంచీతో వెళ్లారు. ఇప్పుడు వదిన స్వెట్టరు కొంటున్నానంటోంది. స్వెట్టరు దాకా వెళ్లిందంటే వారంతో తేలే వ్యవహారంలా లేదు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మన డెంటింగు మేస్త్రికి నోరు మూతపడదని మీరు మౌనస్వామి అని పేరు పెట్టారు కదా, మీరు లేకపోయేసరికి ఆ నోరు ఇంకాస్త పెద్దదైంది. "పెద్దమేస్త్రి తిట్టకపోతే సుత్తి సరిగా పడటంలేదమ్మా" అని రోజూ గోల. నన్ను తిట్టమన్నాడు. ప్రయత్నించాను. నవ్వాడు.

డాక్టరమ్మగారి జర్మన్ కారు తలుపు మాత్రం మొండికేసింది. కొత్త రబ్బరు అంటించాను, లోపలి లెదరంతా నా చేత్తో కుట్టి బిగించాను. చూడటానికి పెళ్లికూతురిలా ఉంది. మూస్తే మాత్రం కింద సందు. సీట్లు కుట్టుకునే దాన్ని పట్టుకుని షెడ్డు మొత్తం నా నెత్తిన పెట్టి వెళ్లారు, ఇప్పుడు చెప్పండి ఏం చెయ్యాలో.

మీ మాత్రలు వేసుకోండి. వదినను విసిగించకండి.

మీ కోడలు

*

కొండమీది ఇంటి నుంచి

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. చెవిలో ఏదో గుబిలి గట్టిపడిందట. చుక్కల మందు వేస్తున్నారు. పెద్ద విషయం కాదు. ఈ డాక్టరు మాత్రం మనబోటి వాడే, ఒక్కసారి బండి చేతికొస్తే ఊరికే వదలడు. మళ్లీ రా, మళ్లీ రా అంటున్నాడు.

మీ వదిన ఇంట్లో నాకు పనేం లేదు. కిటికీలోంచి పొగమంచు చూడటం, అది పోయాక లోయ చూడటం. "నాన్నా, ఆ వంటింటి తలుపు కిర్రుమంటోంది" అంటే కీళ్లకు నూనె పెట్టాను. అల్లుడి కుర్చీ కాలు బిగించాను. ఇంక బిగించడానికి ఏమీ మిగల్లేదు.

జర్మన్ తలుపు సంగతి. రబ్బరు మీద నీ ప్రతాపం చూపించకు. తలుపు సగం తెరిచి, కింది అంచు పట్టుకుని పైకి ఎత్తి చూడు. కదిలిందా, కీలు పిన్ను అరిగినట్టు. పిన్ను మార్చు. కదల్లేదా, మౌనస్వామిని మార్చు.

నేను రావడానికి ఇంకొంచెం పడుతుంది. తొందరపెట్టకు.

మామయ్య

*

షెడ్డు నుంచి

మామయ్యగారికి,

కదిలింది! పిన్ను మార్చాం. ఇప్పుడు వేలితో తోస్తే చాలు, ముద్దుగా మూసుకుంటోంది. డాక్టరమ్మగారు ఊరికే తెరిచి మూసి, తెరిచి మూసి, చివరికి తాళం చెవులు లోపలే వదిలేసి మూశారు. అది తియ్యడానికి మౌనస్వామికి భోజనం వేళ దాటింది.

ఇంకో సంగతి. ఈమధ్య ఒక బండి చేతికి తీసుకున్నాను. ఎవరిది, ఏమిటి అన్నది నిదానంగా చెబుతాను. ఇంజను తిరుగుతోంది కానీ లోపల ఏదో మోత. నాకు అంతుపట్టడంలేదు. మీరుంటే బానెట్ ఎత్తకుండానే చెప్పేసేవారు. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను. బండిని ఆఫీసు గది కిటికీ దగ్గరికి తోయించి, ఫోను దాని పక్కన పెడతాను. మీరు విని చెప్పండి. ఈసారి వదినకు ఇచ్చేయకూడదు.

మీ కోడలు

*

కొండమీది ఇంటి నుంచి

అమ్మాయికి,

ఫోనులో చెప్పాను కదా, మోత శుభ్రంగా విన్నాను. టాపెట్లే. వాల్వుల దగ్గర సందు సరిచూసి సర్దు. సరిపోతుంది. ఇక్కడ వానలు. కాగితం తడిసింది, అందుకే ఇంతే రాస్తున్నాను.

మామయ్య

*

షెడ్డు నుంచి

మామయ్యగారికి,

టాపెట్లు సర్దాను. కొంచెం మెత్తబడింది కానీ అసలు మోత అలాగే ఉంది. ఆ రోజు ఫోను లైను బాగోలేదేమో అనిపించింది. అందుకని ఇకనుంచి మోతను కాగితం మీదే పంపుతాను. మీరు నవ్వకూడదు.

ఇది టకటక కాదు మామయ్యా. టకటక అంటే ఇనుము ఇనుముకు తగిలి పొడిగా ఉంటుంది కదా. గరగర కాదు, లొటలొట కూడా కాదు. "టొక్కు" అంటుంది. చిన్న చెక్కపెట్టె మీద వేలి కణుపుతో కొట్టినట్టు, కాస్త బోలుగా. టొక్కు, టొక్కు, కొంచెం ఆగి ఇంకోసారి టొక్కు. లోపల ఎవరో ఉండి, తలుపు తియ్యమని మర్యాదగా అడుగుతున్నట్టు. కోపంగా బాదడం కాదు.

మౌనస్వామిని అడిగితే "దుబుక్కు" అన్నాడు. వాడి మాట నమ్మకండి. నేను పక్కన కూర్చుని కళ్లు మూసుకుని విన్నాను. టొక్కే.

మీ కోడలు

*

కొండమీది ఇంటి నుంచి

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి, మళ్లీ చదివి, టీ తాగి ఇంకోసారి చదివాను. "పరీక్షకేమన్నా కడుతున్నావా నాన్నా" అని మీ వదిన వెక్కిరించింది.

మోతను ఇంత బాగా చెప్పినవాళ్లు నా సర్వీసులో లేరు. బండి తెచ్చిన ప్రతివాడూ "ఏదో సౌండొస్తోంది మేస్త్రీ" అనేవాడే. నువ్వు చెబుతుంటే నా పక్కనే ఇంజను ఉన్నట్టుంది. సరే, ఇప్పుడు నేనడిగే వాటికి జవాబులు పంపు.

యాక్సిలరేటరు తొక్కితే మోత పెరుగుతుందా, తగ్గుతుందా? వదిలేశాక ఏమవుతుంది? ఇంజను చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?

పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకో. మొన ఇంజనుకు, పిడి నీ చెవికి ఆనించు. ముందు, వెనక, పక్కలు, నీళ్ల పంపు దగ్గర, అన్నిచోట్లా పెట్టి విను. జడ ముడి వేసుకుని మరీ వంగు. భయపడకు, కరవదు. ఎక్కడ పెడితే మోత నీ తలలోకి సూటిగా వస్తుందో ఆ చోటు చెప్పు.

తొందరగా రాయి.

మామయ్య

*

షెడ్డు నుంచి

మామయ్యగారికి,

తొక్కితే మాయం! వదిలితే ఇంజను నెమ్మదించగానే మళ్లీ వచ్చేస్తుంది. చల్లగా ఉన్నా, వేడెక్కినా అంతే. దాని మర్యాద అది వదలదు.

స్క్రూడ్రైవరు పెట్టి విన్నాను. అబ్బ, లోపల ఎంత పెద్ద ఊరుందో మామయ్యా! ఒకచోట మిషను కుడుతున్నట్టు, ఇంకోచోట ఎవరో ఊపిరి తీస్తున్నట్టు. మీరు ఇన్నాళ్లూ ఇదంతా ఒక్కరే వింటూ కూర్చున్నారా? మౌనస్వామిని నోరు మూసుకోమన్నాను. అరచేత్తో మూసుకుని నిలబడ్డాడు పాపం.

అటు పక్క పెట్టాను, ఇటు పక్క పెట్టాను, రెండు వైపులా మామూలే. నీళ్ల పంపు అన్నారు కానీ దీనికి అది లేదు. ముందు భాగంలో, ఫ్యాను వెనకాల పెట్టగానే, టొక్కు! నేరుగా తలలో. ఉలిక్కిపడి వెనక్కి పడ్డాను.

ఇప్పుడు చెప్పండి.

మీ కోడలు

*

కొండమీది ఇంటి నుంచి

అమ్మాయికి,

నీళ్ల పంపు లేని ఇంజను. అటొక సిలిండరు, ఇటొక సిలిండరు. మన షెడ్డులో అలాంటి బండి ఒక్కటే ఉంది. సంగీతం టీచరుగారి ఫ్రెంచి కారు. మూలన గుడ్డ కప్పి ఉంచిన కప్పబండి.

అబ్బాయి చేతి ఆఖరి పని అది. ఎవ్వరూ ముట్టుకోవద్దని చెప్పాను. నీకు తెలియనిది కాదు.

ఇంతకంటే రాయడానికి లేదు.

మామయ్య

*

షెడ్డు నుంచి,
పని ఆపేసిన రోజు

మామయ్యగారికి,

అవును, కప్పబండే. మీకు చెప్పకుండా గుడ్డ తీశాను. కోప్పడండి, కానీ చివరిదాకా చదివి కోప్పడండి.

మీరు వెళ్లిన కొన్నాళ్లకు టీచరుగారు వచ్చారు. ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నారట. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆవిడ బండి ఏమైందని అడగలేదు. మీ అబ్బాయి పోయినప్పుడు వచ్చి, నా పక్కన కూర్చుని వెళ్లారు. ఆ మనిషి ఆ రోజు గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, ఇంక రెండు నెలల్లో వెళ్తున్నా. బస్సులో వెళ్లమంటావా, నా కప్పలో వెళ్లమంటావా? నీకు కష్టమైతే బస్సే ఎక్కుతాలే. నాకేం బాధ లేదు" అన్నారు. బాధ లేదంటూనే కొంగు చివర వేలికి చుట్టుకుంటున్నారు. నేను "కప్పలోనే వెళ్దురుగాని టీచరుగారూ" అనేశాను.

మర్నాడు గుడ్డ తీశాను. మామయ్యా, లోపల ఎలా ఉందో తెలుసా? సీట్లను పట్టి ఉంచే రబ్బరు పట్టీలు తెగి వేలాడుతున్నాయి. మడత కప్పు గుడ్డను ఎలుకలు కొరికి, వెనక సీట్లో పిల్లల్ని పెట్టాయి. మనం దాన్ని భద్రంగా దాచుకున్నాం అనుకున్నాం. ఎలుకలకు వదిలేశాం. ఆయన చూసుంటే ఎంత గొడవ చేసేవారో! ఆ రోజంతా ఏడుస్తూనే శుభ్రం చేశాను. తరవాత కప్పు గుడ్డ కొత్తది కోసి కుట్టాను. పట్టీలు మార్చాను. సీట్లో కూర్చుంటే ఉయ్యాలలా ఉంది. మూడేళ్లుగా ఆ మూల వైపు చూడకుండా తిరిగిన దాన్ని, ఇప్పుడు పొద్దున్నే ముందు అక్కడికే వెళ్తున్నాను.

ఇంకో మాట. రాయాలా వద్దా అని చాలాసేపు ఆగాను.

ఆదివారం ఫోన్ చేసిన రోజు, ఇంజను స్టార్టు కాలేదు. బ్యాటరీ పడుకుంది. మౌనస్వామి తాళం తిప్పుతూనే ఉన్నాడు, టిక్కుమనడం తప్ప ఏమీ లేదు. "ఒక్క నిమిషం మామయ్యా, ఇంకా స్టార్టు కాలేదు" అని నేను ఫోనులో అరుస్తున్నాను. మీరు అటునుంచి "ఆ, ఆ, శుభ్రంగా వినబడుతోంది. టాపెట్లు" అన్నారు.

నేను ఫోను పెట్టేశాను. మౌనస్వామి నా మొహం చూసి ఏమైందమ్మా అన్నాడు. చెప్పాను. వాడు టైరు మీద కూలబడి ఏడ్చాడు.

అందుకే మోతలు రాయడం మొదలుపెట్టాను. మిమ్మల్ని పరీక్షించడానికి కాదు మామయ్యా. మీకు వినిపించాలని.

కప్పబండి వద్దంటే మళ్లీ గుడ్డ కప్పేస్తాను. టీచరుగారికి నేనే నచ్చజెప్పుకుంటాను. కానీ చెవి కోసం అయితే అక్కడ దాక్కోకండి. ఇది మీ ఇల్లు.

మీ కోడలు

*

కొండమీది ఇంటి నుంచి

తల్లీ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. నా మొహం చూసి మీ వదిన అన్నం కూడా భయపడుతూ వడ్డించింది. నిన్న ఉత్తరం దాని చేతిలో పెట్టాను. చదివి, నా తల దగ్గరికి లాక్కుంది. చిన్నప్పుడు నేను దాన్ని లాక్కున్నట్టు.

గుబిలి కాదు. మొదటి రోజే డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవిలో ఉన్న కాస్తా నిలవదు. ఆ కాగితం చూసి నాకు ముందు వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? ఇంక షెడ్డుకు వెళ్లి నేనేం చెయ్యాలి, గుంజలా నిలబడటం తప్ప, అని. బండి తెచ్చినవాడు చెప్పేది వినబడదు. బండి చెప్పేది వినబడదు. నువ్వు జాలిపడి నాకు టీ తెచ్చిపెడుతుంటావు, మౌనస్వామి జాలిపడి మాట్లాడటం మానేస్తాడు. అది తట్టుకోలేననుకున్నాను. అందుకే స్వెట్టరు కొనిపించుకున్నాను.

నీ మోతలు రాకపోతే ఇక్కడే ఉండిపోయేవాణ్ణి.

ఇప్పుడు కప్పబండి మాట. కోపం వచ్చింది. నీ మీద కాదని రెండు రోజులకు తెలిసింది. ఎలుకల మాట చదివాక సిగ్గేసింది.

నువ్వు రాసిన టొక్కు ఏమిటో నాకు తెలుసు. ముందు ఫ్యాను ఇంజను ఇరుసుకు ఒకే ఒక్క పొడుగు బోల్టు మీద నిలబడుతుంది. ఆ బోల్టు వదులుగా ఉంటే, నెమ్మదిగా తిరిగేటప్పుడు ఫ్యాను తడబడి మోత చేస్తుంది. తొక్కితే వేగానికి నిలదొక్కుకుంటుంది, మోత పోతుంది.

ఆ బోల్టు బిగించలేదమ్మా. ఆ సాయంత్రం నేను పక్కనే ఉన్నాను. వాడు చేత్తో తిప్పి పెట్టాడు. గట్టిగా బిగించాలంటే ఇంకొకళ్లు లోపల కూర్చుని, గేరులో వేసి, బ్రేకు తొక్కిపట్టాలి. లేకపోతే బోల్టుతోపాటు ఇంజను కూడా తిరుగుతుంది. "రేపు బిగిద్దాం నాన్నా, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది" అన్నాడు. సరే పడుకో పోరా అన్నాను. ఆ జ్వరంలోంచి వాడు లేవలేదు.

అది వాడి ఆఖరి పని అనుకుని గుడ్డ కప్పాను. అసలు పని అవ్వనేలేదు.

వాడు బిగించినవి నేను విప్పాను, నేను బిగించినవి వాడు ఇంకా ఎక్కువ విప్పాడు. "ఎవడు బిగించాడ్రా దీన్ని" అని నన్నే నా ఎదురుగా తిట్టేవాడు. షెడ్డులో అది మామూలే. నువ్వేం సంకోచపడకు. గుడ్డ కప్పొద్దు.

కానీ ఒక్కటి అడుగుతాను. ఆ బోల్టును నేను వచ్చేదాకా ఉంచు. మౌనస్వామిని బ్రేకు మీద కూర్చోబెట్టకు. నేను కూర్చుంటాను. బ్రేకు తొక్కడానికి చెవులక్కర్లేదు. బిగించేది నువ్వే.

బుధవారం బస్సుకు బయల్దేరుతున్నాను.

మామయ్య

*

షెడ్డు నుంచి

మామయ్యా,

ఇది మీరు బస్సెక్కే లోపు అందుతుందో లేదో. రండి. బోల్టు అలాగే ఉంది.

మౌనస్వామి మీతో మాట్లాడటానికి పలక కొన్నాడు. ఇప్పటికే రెండు పక్కలా నింపి పెట్టుకున్నాడు. చెరిపి రాసుకోరా అంటే, ముందు ఇది చదివాకే చెరుపుతాడట. మీకు జాలి దొరికే సూచనలేమీ లేవు.

మీ కోడలు

*

టీచరుగారి చెల్లెలి ఇంటి నుంచి

అమ్మాయికి,

చేరాం. బండి ఎక్కడా ఆగలేదు, టీచరుగారు టీ కోసం ఆపినప్పుడు తప్ప. కొత్తగా తిరుగుతున్న ఇంజను కదా, తోడు వెళ్లి రమ్మని నువ్వు పట్టుబట్టి పంపావు. నిజం చెప్పు, బండికి తోడా, నాకు గాలి మార్పా?

దారంతా చెప్పులు విప్పి, అరికాళ్లు నేలకు ఆనించి కూర్చున్నాను. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఎలా కష్టపడుతోందో, దిగేటప్పుడు ఎలా ఊపిరి పీల్చుకుంటోందో పాదాలకు తెలుస్తోంది. ఒక్క తడబాటు లేదు. నువ్వు కుట్టిన కప్పు సగం మడిచి వెళ్లాం. ఎండ ఒళ్లో పడుతూ బాగుంది. మధ్యలో చూస్తే టీచరుగారి పెదవులు కదులుతున్నాయి. నాతో మాట్లాడుతున్నారేమో అని "ఆఁ, ఆఁ" అంటూ తలూపాను. చాలా దూరం పోయాక, స్టీరింగు మీద ఆవిడ వేళ్లు తాళం వేస్తుంటే అర్థమైంది, పాడుతున్నారని. పాటకు నేను "ఆఁ" కొడుతూ కూర్చున్నాను! ఆవిడ నవ్వీ నవ్వీ బండి పక్కకు ఆపాల్సొచ్చింది.

ఆ రోజు నీకు చెప్పలేకపోయినది ఒకటుంది. బ్రేకు తొక్కిపట్టి కూర్చున్నాను కదా, నువ్వు ముందు వంగి బోల్టు మీద పానా వేశావు. అద్దంలోంచి నీ నడినెత్తి తప్ప ఏమీ కనబడలేదు. నువ్వు లాగిన ప్రతిసారీ ఆ పట్టు బండిలోంచి వచ్చి నా కాలికి తగిలింది. వదులుగా ఉన్నది కొంచెం కొంచెంగా గట్టిపడి, చివరికి ఇంక జరగనని మొరాయించి ఆగిపోయింది. మూడేళ్లుగా నా లోపల ఏదో తిరుగుతూనే ఉంది తల్లీ. అప్పుడు అది కూడా ఆగింది. నువ్వు తలెత్తి "అయిందా?" అన్నట్టు చెయ్యి ఊపావు. నేను కాలు తియ్యలేదు. బ్రేకు పట్టేసిందనుకుని నువ్వు కంగారుపడ్డావు. పట్టింది బ్రేకు కాదు.

ఇక్కడ బండి ఆగగానే వీధి వీధంతా చుట్టూ చేరింది. టీచరుగారి చెల్లెలు దాని చుట్టూ తిరిగి, కప్పు తడిమి, సీట్లో కూర్చుని రెండుసార్లు ఎగిరి చూసింది. అరవై దాటిన మనిషి! తరవాత లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, కాగితం ముక్క మీద రాసి చూపించింది, "ఇంత బాగా చేసిన మేస్త్రి ఎవరు?" అని.

మా కోడలు, అన్నాను.

నా గొంతు ఎంత పెద్దగా వస్తోందో నాకిప్పుడు తెలియదు కదా. వంటింట్లో ఉన్నవాళ్లు కూడా చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చారు.

రేపు వస్తున్నాను.

మామయ్య